1500 గ్రాములు ఇజాజత్ కాదు



పోయిన జుమ్మా నాడు షికాగో నుంచి మా ఖాలా కొడుకు ఫోన్ చేశాడు. హాల్‌చాల్ అడగలేదు, పిల్లల ఖైరియత్ అడగలేదు. "భాయ్‌జాన్, ముబారక్ చెప్పండి. మాది 1500 దాటింది. ఇక మగదాన్ని వదలొచ్చు కదా?" అన్నాడు. కూతురు పదో తరగతి పాసైనంత ఖుషీ ఆ గొంతులో.

"ఎన్ని నెలలది?" అన్నాను.

"పద్దెనిమిది."

"వద్దు. వదలొద్దు."

"అరె, 1500 దాటింది భాయ్‌జాన్! కాటా మీద పెట్టి ఫోటో తీశాను. పంపిస్తా, మీరే చూడండి."

పంపాడు. పాము కంటే కాటా మీద అంకె బాగా కనబడేలా తీసిన ఫోటో. చూడగానే నాకు గుస్సా వచ్చింది. అది వాడి మీద కాదు. నాలుగేళ్ల కింద డల్లాస్‌లో మా ఇంట్లో సరిగ్గా అదే ఫోటో నేను తీశాను. అందుకే ఈ రోజు ఇది రాస్తున్నాను.

కొందరు ఇక్కడే ఆగి "తౌబా, ముసల్మానుల ఇంట్లో పాములేమిటి" అంటారని ఎరుకే. మా అమ్మీ ఇప్పటికీ వీడియో కాల్‌లో ఆ గది వైపు చూపించొద్దంటుంది. ఇక్కడ అమెరికాలో మన పిల్లల దోస్తులు పిల్లుల్ని, కుక్కల్ని పెంచినట్టే బాల్ పైథాన్లను పెంచుతారు. విషం లేని పాము. పుట్టింది పశ్చిమ ఆఫ్రికా వైపు. భయపడితే చాలావరకు కాటెయ్యదు, తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. ఆ పేరు అందుకే వచ్చింది. మన పిల్లలకు ఆ షౌక్ ఉంది. ఉన్నప్పుడు దాని జిమ్మేదారీ కూడా తెలియాలి. పాములంటే గిట్టనివాళ్లు కూడా చివరిదాకా చదవండి. బేజుబాన్ జానవర్ ఏదైనా సరే, దాని కడుపు మీద మనం చేసే హిసాబ్ గురించే నా ఝగ్డా.

మా నూరీ సంగతి ముందు చెబుతాను. నాకు మాట్లాడే హక్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి కదా.

మావాడికి పద్నాలుగేళ్లప్పుడు ఒక పాముల ప్రదర్శనలో అయిదు నెలల ఆడపిల్లను కొన్నాం. అరచేతిలో పట్టేది. గోధుమ, నలుపు మచ్చలు, కళ్ల పక్క నుంచి ఒక పసుపు గీత. మావాడు నూరీ అని పేరు పెట్టుకున్నాడు. అమ్మినతను మంచి మాటకారి. "1500 గ్రాములు రానివ్వండి, మగదాన్ని పెట్టండి, ఏడాదికి ఆరు గుడ్లు. పిల్లాడి కాలేజీ ఫీజు వాడే కట్టుకుంటాడు" అన్నాడు. మావాడి కళ్లు మెరిశాయి. అబద్ధమెందుకు, నా కళ్లు కూడా మెరిశాయి.

ఇక ఆ అంకె మా ఇంట్లో ఖిబ్లా అయిపోయింది. ప్రతి ఇత్వార్ నాడు కాటా. వారానికో ఎలుక తినాల్సింది, నాలుగైదు రోజులకే ఇంకోటి. ఇది వద్దనలేదు కాబట్టి ఇచ్చాం. పాము వద్దనకపోవడం ఆకలి కాదని అప్పుడు తెలియదు. అడవిలో మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియని జానవర్ అది. దొరికినప్పుడల్లా తింటుంది. పందొమ్మిదో నెలలో కాటా 1512 చూపించింది. ఫోటో తీసి అందరికీ పంపాను. మగపాము కొనడానికి పైసలు ఇచ్చింది నేనే.

నవంబరులో కలిపాం. తోకలు పెనవేసుకుని గంటల తరబడి ఉన్నాయి. మావాడు తేదీలన్నీ నోటుబుక్కులో రాశాడు. ఫిబ్రవరి ఆఖర్న ఒక రోజు నడుం భాగం ఉబ్బింది, పెద్ద ఎలుకను అప్పుడే మింగినట్టు. అండాలు విడుదలైన నిశానీ అది. మార్చిలో కుబుసం విడిచింది. ఏప్రిల్లో నాలుగు గుడ్లు పెట్టింది. రెండు తెల్లగా నిండుగా ఉన్నాయి. రెండు పసుపు పచ్చగా, చిన్నగా, ఎండిన ఖుర్బానీ పండ్లలాగా. అవి పనికిరానివి.

మేం ముబారక్‌లు చెప్పుకుంటుంటే నూరీ ఇంకా మెలికలు తిరుగుతోంది. లోపల ఇంకో రెండు ఇరుక్కున్నాయి. పాముల్ని చూసే డాక్టరమ్మ మా ఇంటికి రెండు గంటల దూరం. ఎక్స్‌రే తీసింది, సూది వేసింది, బయటి నుంచి ప్రయత్నించింది. చివరికి కడుపు కోయాల్సి వచ్చింది. కోశాక లోపల చూసి ఆమె ఒక్క మాట అంది. "ఇది బరువు కాదండీ, కొవ్వు." రెండో రోజు ఫజర్ వేళకు నూరీ చనిపోయింది. మావాడు ఆ కాటాను గరాజ్‌లోకి విసిరేశాడు. నాతో ఒక వారం మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు బాత్‌కు వస్తా.

ఈ 1500 అనే అంకె ఝూటా కాదు. ఎదిగిన ఆడ బాల్ పైథాన్లు చాలావరకు 1500 నుంచి 3000 గ్రాముల మధ్య ఉంటాయి. దానికంటే చిన్నదాన్ని జత కట్టించొద్దని తెలిసినవాళ్లు చెప్పిన హద్దు అది. హద్దు అంటే "ఇంతకు తక్కువైతే ఆలోచించనే వద్దు" అని. మనం దాన్ని "ఇంత ఉంటే చాలు" అని తిప్పేశాం. దర్వాజాకు గడప ఉంటుంది. గడప దాకా వచ్చినంత మాత్రాన ఇంట్లోకి రమ్మన్నట్టా? గడపను చూపించి ఇజాజత్ అంటున్నారు. నేను తప్పంటున్నది ఆ తిప్పడాన్ని.

కొంచెం హిసాబ్ చేద్దాం. మామూలుగా ఒక ఆడది ఆరు గుడ్ల దాకా పెడుతుంది. మూడు పెట్టేవీ ఉన్నాయి, పదకొండు పెట్టేవీ ఉన్నాయి. ఒక్కో గుడ్డు దాదాపు 90 గ్రాములు అనుకోండి. ఆరు గుడ్లంటే 540 గ్రాములు. 1500 గ్రాముల శరీరంలోంచి మూడో వంతు కంటే ఎక్కువ ఒకే రోజు బయటికి పోతుంది. దానికి ముందు వారాల తరబడి చాలా ఆడపాములు ముద్ద ముట్టవు. అడవిలో అయితే పెట్టిన తర్వాత కూడా గుడ్ల చుట్టూ చుట్టుకుని రెండు నెలలు కదలకుండా కూర్చుంటుంది, తిండి లేకుండానే. ఈ ఖర్చంతా ఎక్కణ్ణుంచి రావాలి? కండలోంచి, ఎముకలోంచి, ఏళ్ల తరబడి మెల్లగా కూడబెట్టిన జమాలోంచి. ఏడాదిన్నరలో తోసి తోసి మేపితే జమా పెరగదు, పొట్ట పెరుగుతుంది. కాటాకు ఆ ఫరక్ తెలియదు. దానికి కండా ఒకటే, కొవ్వూ ఒకటే, కడుపులో అరగని ఎలుకా ఒకటే.

ఇదంతా అమెరికా సైన్సు అనుకోకండి. కడప దగ్గర మా ఊళ్లో దాదీకి ఆరు మేకలుండేవి. ఆడ మేకపిల్ల ఏడెనిమిది నెలలకే ఎదకొచ్చి అరిచేది. పక్కింటి చాచా పోతును తోలుకొస్తానంటే దాదీ చెయ్యి అడ్డం పెట్టేది. "అభీ కచ్చీ హై రే" అనేది. అరుపు వేరు, తయారీ వేరు. వీపు మీద చెయ్యి పెట్టి ఎముక చూసేది, తొడ పట్టుకుని చూసేది, పళ్లు చూసేది. తల్లి మేక ఎంత ఉందో పక్కన నిలబెట్టి చూసేది. ఒకటో రెండో ఎదలు పోనిచ్చేది. "ఇప్పుడు తోలితే పిల్లా దక్కదు, తల్లీ దక్కదు" అనేది. దాదీకి అలీఫ్ బే కూడా రాదు. ఇంట్లో తరాజు కూడా లేదు. అయినా నాకంటే, కంప్యూటర్ ముందు కూర్చుని వీడియోలు చూసే మావాడి కంటే ఆమెకే బాగా తెలుసు. ఎందుకంటే ఆమె అంకెను చూడలేదు, జానవర్‌ను చూసింది.

మరి పాములో ఏం చూడాలి? నూరీ తర్వాత నేను నేర్చుకున్నది చెబుతా.

పహలీ బాత్, వయసు. మగపాము ఏడాది, ఏడాదిన్నరకే తయారవుతుంది. ఆడదానికి ఆ తొందర లేదు. తక్కువలో తక్కువ మూడేళ్లు నిండనివ్వండి. నాలుగైతే ఇంకా మేలు. బరువును మనం ఎలుకలతో కొనుక్కోవచ్చు. వయసును ఏ దుకాణంలోనూ కొనలేం. అందుకే దాన్ని ముందు అడగాలి.

దూస్రీ బాత్, ఒంటి ఆకారం. పామును నేల మీద సాఫీగా పాకనిచ్చి పైనుంచి, పక్క నుంచి చూడండి. వీపు మీద వెన్నెముక గట్టులా పొడుచుకొచ్చి ఒళ్లు ముక్కోణంలా కనిపిస్తే బక్కది. ముట్టుకోవద్దు. అలాగని గొట్టంలా గుండ్రంగా ఉండి, వంగినచోట మడతలు పడి, పొలుసుల మధ్య చర్మం సాగి కనబడి, తోక మొదట్లో దిండు పెట్టినట్టుంటే అది బలం కాదు. అది మా నూరీ. వెన్ను తెలియాలి కానీ పొడుచుకు రాకూడదు. పక్కలు నొక్కితే గట్టి కండ తగలాలి, మెత్తని పిండి కాదు.

తీస్రీ బాత్, గతం. ఏడాది పొడుగునా బరువు నిమ్మళంగా పెరిగిందా, ఆఖరి నాలుగు నెలల్లో ఎగిరిందా? కుబుసం ఒక్క ముక్కగా వదులుతోందా, చినిగి చినిగి అతుక్కుంటోందా? ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడుందా, నోట్లో జిగురుందా? పేడలో పురుగుల పరీక్ష చేయించారా? పోయినేడు గుడ్లు పెట్టి ఉంటే మళ్లీ పాత బరువుకు, పాత కండకు వచ్చిందా? జాగ్రత్త ఉన్నవాళ్లు చాలామంది ఒక ఏడు పెట్టించి ఒక ఏడు ఖాళీ వదిలేస్తారు. ఏటేటా పిండుకునేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల దగ్గర నసీహత్ తీసుకోకండి.

చౌథీ బాత్, ఆమె సొంత నిశానీలు. తయారైన ఆడది తనే చెబుతుంది. వెచ్చని మూల వదిలి చల్లని వైపు పోతుంది. నీళ్ల గిన్నెను చుట్టుకుని పడుకుంటుంది. రంగు కొంచెం తేలిక పడుతుంది. కొన్నయితే పొట్ట పైకి తిప్పి వెల్లకిలా పడుకుంటాయి. అయితే ఇవి కూడా ఒంటరిగా చాలవు. ఉక్క ఎక్కువైనా చల్లని వైపే పోతుంది, పురుగులు పట్టినా నీళ్లలో పడుకుంటుంది. అందుకే పాముల్ని చూసే డాక్టరుతో ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించండి. లోపల అండాలు బఠాణీల్లా నిద్రపోతున్నాయా, పెరగడం మొదలైందా అన్నది తెరమీద కనిపిస్తుంది. ఆ ఒక్క పరీక్ష ఖర్చు నూరీ ఆపరేషన్ ఖర్చులో ఎంతో కొంచెం. లెక్క కోసమే చెబుతున్నాను, మగపాము ఖరీదుకు అయిదింతలు ఆ ఆపరేషన్‌కు కట్టాను.

ఈ నాలుగూ కలిసి అవునంటేనే అవును. ఒకటి కాదన్నా ఈ ఏడు వద్దు. కాటా ఈ నాలుగిటికీ గవాహీ మాత్రమే ఇవ్వాలి, ఫైసలా చెప్పకూడదు.

ఇవి చెప్పినప్పుడల్లా నాకు వచ్చే జవాబులు నాలుగున్నాయి.

ఒకటి, "తయారుగా లేకపోతే ఆడదే ఒప్పుకోదు కదా, కుద్రత్ ఉంది కదా." వినడానికి బాగుంది. కానీ కుద్రత్‌లో ఆడపాముకు పారిపోవడానికి అడవంతా ఉంది. మన ప్లాస్టిక్ డబ్బాలో ఎంత జాగా ఉంది? మూడు రోజులు మగదాన్ని అదే డబ్బాలో వదిలి "రాజీ అయింది" అంటే అది రజామందీ అవుతుందా? పైగా ఆడపాము మగవాడి బీజాన్ని నెలల తరబడి లోపల దాచుకోగలదు. నవంబరులో ఒక్కసారి కలిసినా అండాలు తర్వాత ఎప్పుడో పెరిగి ఫలిస్తాయి. అంటే కలిసిన రోజు తయారుగా ఉందనడానికి ఆ కలయిక రుజువు కాదు. మా నూరీ కూడా కాదనలేదు.

రెండు, "పెద్ద పెద్ద పెంపకందారులు 1200కే పెడుతున్నారు, ఏం కాలేదు." ఏం కాలేదని ఎవరు చెప్పారు? వాళ్లే. వందల డబ్బాలున్నవాడికి ఒకటి పోతే అది నుక్సాన్ ఖాతాలో ఒక గీత. మీ పిల్లాడికి అది నూరీ. వాళ్ల తిజారత్ హిసాబ్‌ను మీ ఇంటి ఒక్క జానవర్‌కు వర్తింపజేయకండి.

మూడు, "అడవిలో చిన్నవి కూడా పెడతాయి కదా." అడవిలో ఏ పాముకూ అయిదు రోజులకో ఎలుక ఎవరూ తెచ్చివ్వరు. దొరికినప్పుడు తింటుంది, దొరకనప్పుడు పస్తుంటుంది, మెల్లగా ఎదుగుతుంది. అక్కడ బరువు వచ్చేసరికి వయసూ వచ్చేస్తుంది. రెండూ జోడీగా నడుస్తాయి. మనమే ఆ జోడీని విడగొట్టి, బరువును ముందు పరిగెత్తించి, మళ్లీ అడవి పేరు చెబుతున్నాం.

నాలుగు, అన్నిటికంటే బేకార్ మాట, "ఆలస్యమైతే వయసు మించిపోతుంది." అమెరికాలోనే సెయింట్ లూయిస్ జూలోని ఒక బాల్ పైథాన్ సంగతి వినండి. 1961లో ఒకాయన ఇంటి నుంచి ఆ జూకు చేరింది. 2020 జూలై 23న అది ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు 62 ఏళ్లకు తక్కువ ఉండదని జూవాళ్లే చెప్పారు. పదిహేనేళ్లకు పైగా మగపాము మొహం కూడా చూడలేదు. ఏడు గుడ్లలో రెండు నిలవలేదు, రెండింటిని జన్యు పరీక్షకు తీసుకున్నారు, మూడింటిని పొదిగే పెట్టెలో పెట్టారు. అన్ని పాములూ 62 ఏళ్లకు గుడ్లు పెడతాయని నేననను. ఇళ్లల్లో ఇవి ఇరవై, ముప్పై ఏళ్లు బతకడం మామూలే. ముప్పై ఏళ్ల జిందగీ ముందున్న జానవర్‌కు పద్దెనిమిది నెలలకే వయసు మించిపోతుందని భయపడేవాడికి భయం పాము గురించి కాదు, మునాఫా గురించి.

ఇక ఆ మునాఫా మాట కూడా అడుగుదాం. ఆ ఆరు పిల్లలూ ఎక్కడికి పోతాయి? కొన్ని రంగులు ఒక ఏడు ఫ్యాషన్, మరుసటేడు ఎవరూ అడగరు. కొన్ని రంగుల కోసం జబ్బును కూడా పెంచుతున్నారు. స్పైడర్ అనే రకం పాములు పుట్టుకతోనే తల నిలబెట్టలేక వణుకుతాయి, ఎలుకను కొట్టబోయి గురి తప్పుతాయి. అది ఆ రంగుతో పాటే వస్తుందని తెలిసి కూడా అమ్మారు, కొన్నారు. అమ్ముడు పోని పిల్లల్ని తెచ్చి పెట్టే ఇళ్లు నిండిపోయి ఉన్నాయి. ముప్పై ఏళ్లు బతికే జానవర్‌ను మూడు నెలల షౌక్ కోసం కొనేవాళ్లకు అమ్మడం కూడా మన గల్తీలోకే వస్తుంది.

ఈ పాములు పుట్టిన మట్టి గురించి కూడా తెలుసుకోండి. ఘనా, టోగో, బెనిన్ నుంచి ఏటా బతికున్న పిల్లలు విమానాల్లో వెళ్తాయి. గుడ్లతో ఉన్న ఆడపాముల్ని బొరియల్లోంచి తవ్వి తీసి, గుడ్లు పెట్టించుకుని, పిల్లల్ని ఎగుమతి చేసే వ్యాపారం అక్కడుంది. అదే బెనిన్‌లో విదా అనే పట్నంలో ఈ పాముల కోసం గుడే ఉంది. అక్కడివాళ్లు ఇంట్లోకి వచ్చిన పామును చంపరు, మెల్లగా తీసి వదులుతారు. వాళ్ల అఖీదా వాళ్లది, మనది మనది. కానీ ఆ జానవర్‌ను వాళ్లు చూసే తమీజ్ నుంచి మనం నేర్చుకునేది కొంచెం ఉంది.

హైదరాబాదులో, గుంటూరులో, నెల్లూరులో ఉన్న రిష్తేదార్లకు ఒక మాట. ఇది చదివి మీ పిల్లలు పాము కావాలని జిద్ చేస్తే ముందు ఖానూన్ చెప్పండి. మన దేశపు పాములు, నాగుపాము కానీ, జెర్రిపోతు కానీ, మన కొండచిలువ కానీ, ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకు 2024లో కేంద్రం రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. ఉంటే నమోదు చేయాలి, పిల్లలు పుట్టినా చెప్పాలి, చనిపోయినా చెప్పాలి. కాగితం లేకుండా సంచీలో పెట్టి అమ్మేవాడి దగ్గర కొనకండి. అలా కొన్నదానికి గుడ్లు పెట్టించడం రెండు తప్పులు కలిపి చేయడం.

ఆఖరుగా మా ఇంట్లో జరిగిన బాత్ ఒకటి. నూరీ పోయిన వారానికి నేను దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని, "అంతా సరిగ్గానే చేశాం, నసీబ్ బాగాలేదు" అన్నాను. మా బేగం గిన్నెలు సర్దుతూ నా వైపు చూడకుండానే అంది. "పెద్దోడు పుట్టాక నేను నిలబడి నమాజ్ చదవడానికి ఎన్నాళ్లు పట్టిందో మీకు యాదుందా? అప్పుడు కూడా మీ అమ్మీ నన్ను చూసి ఒళ్లు చేసిందన్నారు, బలంగా ఉందన్నారు." నాకు జవాబు రాలేదు. ఇప్పటికీ లేదు. నసీబ్ మీద వేసేసిన మాటను ఆ రోజే వెనక్కి తీసుకున్నాను. నసీబ్ కాదు, నా జల్దీ. ఎలుకలు కొనిచ్చింది నేను, మగపామును కొనిచ్చింది నేను, అంకె చూసి తాళి వాయించింది నేను. పద్నాలుగేళ్ల పిల్లాడికి లాలచ్ ఏమిటో తెలియదు, తండ్రిని చూసి నేర్చుకుంటాడు.

నూరీ పెట్టిన రెండు మంచి గుడ్లను మావాడు వదల్లేదు. పొదిగే పెట్టె కొని వేడి 31, 32 డిగ్రీల దగ్గర నిలబెట్టి, పగలూ రాత్రీ చూశాడు. ఒకటి కుళ్లిపోయింది. రెండోది 57వ రోజు చిట్లి, ముక్కు బయట పెట్టింది. డాక్టరమ్మ చూసి ఆడపిల్ల అంది. కళ్ల పక్కన అదే పసుపు గీత.

దానికిప్పుడు మూడేళ్లు నిండాయి. తిండి హిసాబ్‌గా పెడతాం, ఇప్పుడు రెండు మూడు వారాలకొకటి. కాటా మళ్లీ తెచ్చాం, ఎందుకంటే బరువు తగ్గితే తెలియాలి కదా. పోయిన నెల 1570 చూపించింది. మగపాము పక్క డబ్బాలోనే ఉంది. మావాడికి పంతొమ్మిదో ఏడు వచ్చింది, ఇప్పుడు నిర్ణయం వాడిదే. మొన్న అడిగాను, "ఈ ఏడు పెడతావా బేటా?" అని. వాడు పామును చేతుల్లోకి తీసుకుని, వెన్ను మీద వేలు పెట్టి తోక దాకా మెల్లగా నిమిరాడు. మా దాదీని వాడు ఎప్పుడూ చూడలేదు. "లేదు అబ్బా. ఇంకో ఏడు చూద్దాం. అసలు పెట్టకపోయినా దానికేం లోటు లేదు" అన్నాడు.

ఆ ఆఖరి మాటే మా ఖాలా కొడుకుకు చెప్పాను. గుడ్లు పెట్టకపోతే పాముకు ఏ నుక్సాన్ లేదు. పెరిగిన అండాలు వాడుకోకపోతే శరీరమే వాటిని మళ్లీ పీల్చుకుంటుంది. లోటు మన జేబుకే. వాడు కాసేపు ఊరుకుని, "మరి మగదాన్ని అడ్వాన్సు కట్టి బుక్ చేశాను భాయ్‌జాన్" అన్నాడు. ఆ అడ్వాన్సు పోనీ అన్నాను. పోతే పోయింది, నాకు పోయిన దాని ముందు అదెంత. వాడు ఇంకా నాకు తిరిగి ఫోన్ చేయలేదు.

మీ ఇంట్లో ఇలాంటి ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంటే, కాటా అంకె మీద వేలు అడ్డం పెట్టి మళ్లీ చూడండి. మిగిలిన జానవర్ ఏం చెబుతుందో వినండి. ఒక్క ఏడు సబర్ చేయండి.